గాజు వెనుక ఎండ: పెంపుడు బల్లుల ఎముకల జబ్బు, దాని చరిత్ర

అల్ ఐన్ చుట్టుపక్కల గులకరాళ్ళూ ఇసుకా కలిసిన గట్టినేలల్లో ‘దబ్’ అనే పెద్ద బల్లి బొరియ తవ్వుకుని బతుకుతుంది. దాని తోక నిండా వరసలు వరసలుగా ముళ్ళుంటాయి. పొద్దున్నే అది బొరియ నోటి దగ్గరకు వచ్చి, ఒళ్ళంతా ఎండకు పరుచుకుని కదలకుండా పడుకుంటుంది. చల్లగా ఉన్నంతసేపూ దాని చర్మం ముదురు బూడిదరంగులో ఉంటుంది, కాగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. అప్పుడు మేతకు బయలుదేరుతుంది. నేల నిప్పులు కక్కే మధ్యాహ్నానికి మళ్ళీ బొరియలోకి వెళ్ళిపోతుంది. ఎండ ఎంత కావాలో, ఎక్కడితో చాలో దానికి తెలుసు.

అదే దేశంలో, దుబాయ్‌లోనో షార్జాలోనో ఏ పదో అంతస్తు అపార్ట్‌మెంటులోనో, దాని దూరపు చుట్టం ఒకటి గాజుపెట్టెలో పెరుగుతూ ఉంటుంది. ఆ చుట్టం ఆస్ట్రేలియా జాతిదైన బియర్డెడ్ డ్రాగన్, అంటే గడ్డపు బల్లి. గదిలో ఏసీ ఆగదు. కిటికీ అద్దానికి రంగు పొర ఉంటుంది. అద్దంలోంచి పడే వెలుతురులో బల్లి కళ్ళు మూసుకుని పడుకుంటే, చూసేవాళ్ళకు అది ఎండ కాగుతున్నట్టే కనిపిస్తుంది. కొన్ని నెలలకు అది కొమ్మ ఎక్కడం మానేస్తుంది. పొట్ట నేలకు ఆనించి పాకుతుంది. కాలివేళ్ళు సన్నగా అదురుతాయి. ఒకరోజు పురుగును పట్టబోతే కింది దవడ రబ్బరులా వంగుతుంది. ఎముకల జబ్బు అప్పటికే చాలా దూరం వచ్చేసి ఉంటుంది.

ఎండకు పేరుపడిన దేశంలో ఎండ అందక వచ్చే జబ్బు ఎందుకుంది? దీనికి జవాబు వైద్యగ్రంథాల్లో ఎంత ఉందో చరిత్రలోనూ అంతే ఉంది. ఈ జబ్బు కారణం నూరేళ్ళ కిందటే తెలిసింది. ఆ సంగతి తెలుసుకోవడంలో జంతుప్రదర్శనశాలల పాత్ర చిన్నది కాదు. అయినా పిల్లల ఆసుపత్రి నుంచి జంతుశాలకు, జంతుశాల నుంచి పెంపుడు జంతువుల దుకాణానికి, అక్కడినుంచి ఇంటికి వచ్చేసరికి ప్రతి మలుపులోనూ ఆ జ్ఞానం కొంత జారిపోతూ వచ్చింది.

తొండకు దాయాది

తెలుగు పల్లెల్లో కంచెల మీద తల ఆడిస్తూ కనిపించే తొండ, అరేబియా దబ్, ఆస్ట్రేలియా గడ్డపు బల్లి మూడూ ఒకే కుటుంబానివి. జీవశాస్త్రం ఆ కుటుంబాన్ని అగామిడే అంటుంది. పగటిపూట తిరగడం, ఎండ కాగడం, ఒంటి రంగు మార్చడం వీటి కులవిద్యలు. తొండ ముదిరితే ఊసరవెల్లి అన్న సామెత పుట్టింది ఈ రంగులు మార్చే గుణాన్ని చూసే కావచ్చు. గడ్డపు బల్లి బెదిరినప్పుడు గొంతు కింది ముళ్ళచర్మాన్ని ఉబ్బించి నల్లగా చేస్తుంది. దాని పేరు అలా వచ్చింది.

ఈ బల్లుల్లో ఒక జాతిని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1829లో వర్ణించాడు. నేడు ప్రపంచమంతటా ఇళ్ళలో పెరుగుతున్న జాతిని జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆల్ 1926లో వర్ణించాడు. ఈ జాతులన్నిటినీ కలిపి, గ్రీకులో గడ్డం అనే అర్థం వచ్చే మాటతో ‘పొగోనా’ అనే ప్రజాతిగా వేరుచేసింది ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్లెన్ స్టార్, 1982లో. ఆల్ వర్ణించిన జాతి పేరు ఇప్పుడు పొగోనా విట్టిసెప్స్. తూర్పు, మధ్య ఆస్ట్రేలియాలోని పొడినేలలూ పలచని అడవులూ దాని ఇల్లు. అక్కడ అది కంచెగుంజల మీదా ఎండుమోళ్ళ మీదా ఎక్కి గంటల తరబడి ఎండ కాగుతుంది.

తన వన్యప్రాణుల వ్యాపార ఎగుమతిని ఆస్ట్రేలియా 1960లలోనే కట్టడి చేసింది. 1982 చట్టంతో ఆ కట్టడి మరింత బిగిసింది. కనుక ఇతర దేశాల్లో నేడున్న గడ్డపు బల్లులన్నీ ఏనాడో దేశం దాటిన, చాలావరకు దొంగచాటుగా దాటించిన కొద్దిపాటి బల్లుల సంతతే అనుకోవాలి. 1970, 80లలో యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, వీటిని పెంచి పిల్లలు చేయించారు. అక్కడినుంచి అమెరికా చేరాయి. 1990లకల్లా పెంపకందారుల చేతుల్లో వేల సంఖ్యకు పెరిగాయి. సాధు స్వభావం, మనుషుల చేతిలో నిశ్చింతగా కూర్చునే తీరు, ఏటా ఒకటికి మించిన కాన్పుల్లో ఇరవై దాకా గుడ్లు పెట్టే గుణం వీటిని వ్యాపారానికి అనువుగా చేశాయి. నేడు వార్సాన్‌లోని దుబాయ్ పక్షుల, పెంపుడు జంతువుల మార్కెట్టులో నిలబడి చూస్తే, ఆస్ట్రేలియా మోడుల మీది బల్లి ఎన్ని సముద్రాలు దాటిందో తెలుస్తుంది.

బల్లి దాటింది గానీ దాని ఎండ దాటలేదు. కొత్త ఇంట్లో ఆ ఎండను ఎవరో ఒకరు దీపాలతో, గింజలూ ఆకులతో, సున్నపు పొడితో కట్టి ఇవ్వవలసి వచ్చింది.

సింహం పిల్లలూ మసిపట్టిన పిల్లలూ

మనుషుల్లో ఈ జబ్బు పేరు రికెట్స్. ఎదిగే వయసులో ఎముకలకు సున్నం పట్టక కాళ్ళు దొడ్డికాళ్ళవుతాయి. దీన్ని వైద్యగ్రంథాల కెక్కించిన తొలివాళ్ళు 17వ శతాబ్దపు ఇంగ్లండు వైద్యులు. డానియల్ విస్లర్ 1645లో లైడెన్ విశ్వవిద్యాలయంలో దీనిపై సిద్ధాంతగ్రంథం రాశాడు. ఫ్రాన్సిస్ గ్లిసన్ పుస్తకం 1650లో వచ్చింది. బొగ్గుపొగ కమ్మిన పారిశ్రామిక నగరాల్లో ఈ జబ్బు ఇంటింటి జబ్బయింది. పోలిష్ వైద్యుడు స్నియాదెత్స్కి 1822లోనే, వార్సా పట్నం పిల్లల్లో ఎక్కువగానూ పల్లె పిల్లల్లో తక్కువగానూ ఇది ఉండడం గమనించి, మందు ఎండేనన్నాడు. జపాన్‌లో మిషనరీ వైద్యుడిగా పనిచేసి వచ్చిన థియోబాల్డ్ పామ్ 1890లో, ఎండ బాగా కాసే దేశాల్లో ఈ జబ్బు అరుదు అని రాశాడు. ఈ మాటలను ఆనాడు పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే.

ఆ కాలంలోనే లండన్ జంతుప్రదర్శనశాలలో సింహం పిల్లలు వరసగా చనిపోతున్నాయి. ఇరవై పైచిలుకు ఈతల పిల్లలు దక్కలేదు. తల్లిపాలు మాన్పించాక వాటికి వేసేది ఎముక లేని గుర్రపు మాంసం. కారణం చెప్పమని 1889లో శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్-సట్టన్‌ను అడిగారు. ఆయన మేతలో పాలు, నలిపిన ఎముకలు, కాడ్ చేప కాలేయపు నూనె చేర్చమన్నాడు. ఆహారంలో మరే మార్పూ లేదు, బోను మారలేదు. మూడు నెలల్లో పిల్లలు కోలుకున్నాయి. ఎముకల జబ్బుకు కారణం ఆహారంలోని లోపమని చూపిన తొలి ప్రయోగాల్లో ఇది ఒకటి. ఐనా సింహానికి కుదిరిన మందు పసిపిల్లల వైద్యంలోకి నమ్మకంగా అడుగుపెట్టడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి రెండు దారులు ఎదురెదురుగా నిలిచాయి. లండన్‌లో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలను ఇంట్లో కట్టేసి, ధాన్యపు జావ పోసి రికెట్స్ తెప్పించి, కాడ్ నూనెతో నయం చేశాడు. జబ్బు తిండివల్ల అన్నాడు. బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ 1919లో పాదరసపు దీపం వెలుగు పిల్లల ఒంటిమీద వేసి అదే జబ్బును నయం చేశాడు. ఒక చేతికే కిరణాలు తగిలించినా రెండో చేతి ఎముకలూ గట్టిపడ్డాయి. చర్మంలో పుట్టిన ఏదో పదార్థం నెత్తురులో కలిసి ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. ఇద్దరూ నిజమే చెప్పారని తేలడానికి కొన్నేళ్ళు పట్టింది. 1922లో మెక్‌కాలమ్ ఆ పదార్థానికి విటమిన్ డి అని పేరు పెట్టాడు. మరికొన్నేళ్ళకు హెస్, స్టీన్‌బాక్ లాంటివాళ్ళు ఆహారపదార్థాలకు అతినీలలోహిత కిరణాలు తగిలిస్తే వాటిలోనూ ఈ శక్తి పుడుతుందని చూపారు. 1928లో అడోల్ఫ్ విండౌస్‌కు ఈ రంగంలోని కృషికే రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఒంటిలోని ఖజానా

ఎముక ఒట్టి గుంజ కాదు, ఒంటికి సున్నపు ఖజానా కూడా. గుండె కొట్టుకోవాలన్నా కండరం ముడుచుకోవాలన్నా నెత్తురులో కాల్షియమ్ ఒక మట్టంలో ఉండాలి. ఆ మట్టం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియమ్‌ను తోడి నెత్తురులోకి పంపుతాయి. ఈ గ్రంథిని మొట్టమొదట గుర్తించింది కూడా జంతుశాల ప్రాణిలోనే. 1849లో లండన్ జంతుశాలలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసి పరిశీలిస్తూ రిచర్డ్ ఓవెన్ మెడలో ఒక చిన్న పసుపుపచ్చని గ్రంథిని చూశాడు. మనిషిలో దాన్ని స్వీడన్ విద్యార్థి ఇవార్ సాండ్‌స్ట్రోమ్ 1880లో వర్ణించాడు.

కాల్షియమ్ రాబడి లేకుండా ఖర్చు సాగుతూ పోతే ఖజానా ఖాళీ అవుతుంది. తోడిన ఎముక స్థానంలో నారలాంటి మెత్తటి కండ పెరుగుతుంది. అందుకే జబ్బుచేసిన బల్లి తొడలు బలిసినట్టు కనిపిస్తాయి. యజమాని దాన్ని ఆరోగ్యమనుకుని మురిసిపోవడం ఈ జబ్బులోని విషాదాల్లో ఒకటి. పశువైద్యులు దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. అది ఒకే జబ్బు పేరు కాదు, కాల్షియమ్, ఫాస్ఫరస్, విటమిన్ డి లెక్క తప్పినప్పుడు వచ్చే రుగ్మతలన్నిటికీ ఉమ్మడి పేరు.

ఈ లెక్కలో ఫాస్ఫరస్ పాత్ర తెలియడంలో ఒక తెలుగువాడి చేయి ఉంది. జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు హౌలండ్, క్రేమర్ రికెట్స్ పిల్లల నెత్తురులో ఫాస్ఫరస్ బాగా తక్కువగా ఉంటుందని 1921లో చూపారు. కానీ నెత్తురులో దాన్ని కొలవడం ఆనాడు శ్రమతో కూడిన పని. 1925లో, భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఆయన గురువు సైరస్ ఫిస్క్ కలిసి ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్‌తో కలిసిన ఫాస్ఫేట్ నీలిరంగుకు తిరుగుతుంది, రంగు చిక్కదనాన్ని బట్టి పరిమాణం తెలుస్తుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాలపాటు ప్రపంచంలోని ప్రయోగశాలల్లో నిలిచింది. నేటి యంత్రాల్లో రంగు బదులు అతినీలలోహిత కాంతిని కొలిచినా, ఫాస్ఫేటును మాలిబ్డేటుతో పట్టుకునే ఆ రసాయనిక సూత్రమే కొనసాగుతోంది. దుబాయ్ పశువైద్యుడు బల్లి తోక నరంలోంచి తీసిన నాలుగు చుక్కల నెత్తురు ఫాస్ఫరస్ పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆ పరీక్ష వంశవృక్షంలో ఒక కొమ్మ భీమవరం దాకా వస్తుంది.

ఎముకల జబ్బు ఒంటిలోంచి కాదు, పరిసరాల్లోంచి వస్తుందన్న పాఠం తెలుగు నేలకు ఇంకో దారిలోనూ తెలుసు. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యపత్రికలో వర్ణించారు. నీటిలోని ఫ్లోరైడు ఎముకలను పట్టి మనుషులను వంచేసిన జబ్బు అది. 1973లో నల్గొండ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగే వైకల్యాన్ని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు దానితోనే ముడిపెట్టి చూపారు. జబ్బు వేరైనా సూత్రం ఒకటే: ఎముక తాను పెరిగిన చోటును తనలో రాసుకుంటుంది.

గాజు చేసిన పని

కిటికీ అద్దం ఎండలోని వెలుతురును, వేడిని లోపలికి రానిస్తుంది. విటమిన్ డి పుట్టించే కురచ తరంగాల అతినీలలోహిత కిరణాలను, అంటే యూవీబీని, దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఈ సంగతి 1920లలోనే తెలుసు. దానికి విరుగుడుగా ఆ కిరణాలను కొంతవరకు రానిచ్చే ‘వీటా గ్లాస్’ అనే ప్రత్యేకమైన గాజును ఇంగ్లండులో తయారుచేశారు. 1927లో లండన్ జంతుశాలలో కొత్త సరీసృపశాల తెరిచారు. దాని రూపకర్త జోన్ ప్రాక్టర్ అనే శాస్త్రవేత్త్రి. ఒక్కో పెట్టెకు కావలసినంత వేడి విద్యుత్తుతో అమర్చింది, సహజమైన అతినీలలోహిత కాంతి లోపలికి రావడానికి వీటా గ్లాస్ వాడింది. గడ్డపు బల్లిని ఆల్ వర్ణించిన మరుసటి ఏడాదే, అలాంటి బల్లిని బోనులో ఎలా ఉంచాలో ఒకరికి తెలిసిందన్నమాట.

ఆ తెలివి ఇళ్ళకు చేరలేదు. 20వ శతాబ్దపు చివరి భాగంలో అమెరికాలో పచ్చ ఇగ్వానాలను లక్షల్లో అమ్మారు. దుకాణంలో ఇచ్చింది గాజుపెట్టె, వేడి చేసే రాయి, లెట్యూస్ ఆకులు. వాటిలో ఎన్నో దవడ మెత్తబడి, వెన్ను వంగి, కాళ్ళు విరిగి చనిపోయాయి. సరీసృపాల వైద్యం చదువుకున్నవాళ్ళకు ఈ జబ్బు అంటే మొదట గుర్తొచ్చే రోగి నేటికీ ఇగ్వానాయే. ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని రాసి అమ్మిన దీపాల్లో చాలావాటినుంచి వచ్చిన యూవీబీ అతి స్వల్పం. కంటికి పగటి వెలుతురులా కనిపిస్తే చాలుననుకున్నారు. కానీ చర్మానికి కావలసింది కంటికి కనిపించని భాగం.

సరీసృపాల కోసమే చేసిన యూవీబీ ట్యూబు దీపాలు మార్కెట్టులోకి వచ్చింది 1990లలో. ఎంత కాంతి కావాలన్న ప్రశ్నకు కొలతలతో జవాబు ఇంకా ఆలస్యంగా వచ్చింది. 2010లో గ్యారీ ఫెర్గూసన్ బృందం పశ్చిమార్ధగోళపు బల్లులూ పాములూ బయట తమంతట తాము ఎంత యూవీబీలో గడుపుతాయో మీటరుతో కొలిచి, వాటిని నాలుగు మండలాలుగా విభజించింది. 2016లో ఫ్రాన్సెస్ బెయిన్స్ బృందం ఆ పద్ధతిని రెండొందలకు పైగా జాతులకు విస్తరించింది. గడ్డపు బల్లి విషయంలో తేటగా చెప్పిన ప్రయోగం 2010లో నెదర్లాండ్స్ పరిశోధకుడు డెనిస్ ఓనింక్స్ బృందం చేసినది. కొన్ని పిల్లలకు విటమిన్ డి3ని నోటి ద్వారా ఇచ్చారు, కొన్నిటిని యూవీబీ దీపం కింద ఉంచారు. దీపం కింద రోజుకు రెండు గంటలు గడిపినా చాలినంత ఎదుగుదల కనిపించింది. దీపం పొందిన పిల్లల నెత్తురులో నిల్వ రూపపు విటమిన్ డి, నోటి ద్వారా పొందినవాటికంటే సుమారు 18 రెట్లు ఎక్కువగా ఉంది. మెలన్‌బీ, హుల్డ్‌షిన్‌స్కీల పాత వాదం ఈ బల్లి మటుకు దీపం వైపే మొగ్గింది.

డేగల వైద్యం, బల్లుల ఇల్లు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జంతువైద్యానికి ఒంటె, గుర్రం, డేగ పునాదులు. అల్ ఐన్ జంతుశాల 1968లో మొదలైంది. దుబాయ్‌లో డేగల ఆసుపత్రి 1983లో, అబూధాబీలో 1999లో వచ్చాయి. అక్కడి వేటగాళ్ళ సంప్రదాయంలో బ్లాండ్-సట్టన్ పాఠం అప్పటికే ఇమిడి ఉంది. డేగపిల్లకు ఎముక తీసేసిన మాంసం ముక్కలే పెడితే కాళ్ళు వంకరపోతాయి. కౌజుపిట్టను ఎముకలతో సహా పెడితే ఆ బాధ రాదు. తరతరాల అనుభవం నేర్పిన పాఠం ఇది. గడ్డపు బల్లికి అలాంటి తరాల అనుభవం లేదు. అది నిన్న మొన్న వచ్చిన అతిథి.

ఎండ విషయంలో అతిథికీ ఇంటివాళ్ళకూ పెద్ద తేడా లేదు. అల్ ఐన్‌లోని విశ్వవిద్యాలయ వైద్యులు 1998లో పిల్లలను కనే వయసులోని స్త్రీలలోనూ, 2003లో వేసవి నెలల్లో తల్లులలోనూ వాళ్ళ చనుబాలు మాత్రమే తాగే పసిపిల్లలలోనూ విటమిన్ డి లోపం విస్తృతంగా ఉందని చూపారు. నడివేసవిలో, భూమ్మీద అత్యంత ఎండ కాసే చోట్లలో ఒకదానిలో ఈ పరిస్థితి. వేడికి భయపడి తలుపులు మూసుకునే జీవితం, ఒళ్ళు కప్పే దుస్తులు, ఏసీ గది నుంచి ఏసీ కారులోకి సాగే ప్రయాణం దీనికి కారణాలు. మరోవైపు నిర్మాణ కార్మికులకు నడివేసవి మధ్యాహ్నాల్లో బయటి పనిని నిషేధించే నిబంధన ఆ దేశంలో 2005 నుంచి అమలవుతోంది. నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమల నుంచి వెళ్ళినవాళ్ళు ఆ ఎండ బరువు ఎరిగినవాళ్ళే. ఒకరికి ఎండ మితిమీరి, ఒకరికి అసలే అందక, రెండు బాధలూ ఒకే వీధిలో ఉంటాయి.

ఈ నేపథ్యంలో గడ్డపు బల్లి యజమాని మోసపోవడం తేలిక. బయట ఇంత ఎండ ఉండగా దీపమెందుకన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. కిటికీ దగ్గర పెట్టె పెడితే సరిపోతుందనిపిస్తుంది. అద్దం కిరణాలను ఆపుతుందని తెలిసినవాళ్ళు పెట్టెను బాల్కనీలో పెడతారు. గాజుపెట్టెలో ఎండ పడితే లోపలి వేడి నిమిషాల్లో ప్రాణాంతకమవుతుంది. ఇక ఏసీ గది చల్లదనం మరో చిక్కు. చర్మంలో కిరణాల వల్ల పుట్టిన తొలి పదార్థం విటమిన్ డి3గా మారడానికి ఒంటి వేడి కావాలి. బల్లికి ఆ వేడి బయటనుంచే రావాలి. తిన్నది అరగడానికి, అరిగినదానిలోని కాల్షియమ్ ఒంటికి పట్టడానికి కూడా అదే వేడి అవసరం. వెలుగు లేని వేడి, వేడి లేని వెలుగు రెండూ సగం మందులే.

జబ్బు ఆనవాళ్ళు

ఈ జబ్బు నెమ్మదిగా వస్తుంది, చప్పుడు చేయదు. మొదటి ఆనవాళ్ళు జబ్బులా కనిపించవు. ఆకలి తగ్గుతుంది. చురుకు తగ్గుతుంది. మలబద్ధకం వస్తుంది. ఎదగవలసిన పిల్ల ఎదగదు. ఆరోగ్యంగా ఉన్న గడ్డపు బల్లి నడిచేటప్పుడు ముందుకాళ్ళ మీద ఛాతీ ఎత్తి నడుస్తుంది. జబ్బు మొదలైనది పొట్ట ఈడుస్తుంది. దూకేటప్పుడు గురి తప్పుతుంది.

తరువాతి దశలో కాలివేళ్ళు, తోక కొస అదరడం కనిపిస్తుంది. ఇది నెత్తురులో కాల్షియమ్ పడిపోతున్నదనడానికి గుర్తు. అదురు కనిపించాక వారం ఆగి చూద్దామనుకోకూడదు. దవడ మెత్తబడడం, కింది దవడ పొట్టిగా లేక ఉబ్బుగా కనిపించడం, నోరు సరిగా మూసుకోకపోవడం, రెండు తొడలూ గట్టిగా వాయడం, వెన్నులో గానీ తోకలో గానీ మెలిక పడడం ముదిరిన జబ్బు లక్షణాలు. కాస్త ఎత్తునుంచి పడినా, ఒక్కోసారి చేతిలోకి తీసుకున్నా ఎముక విరుగుతుంది. చివరికి మూర్ఛలు వస్తాయి, వెనుకకాళ్ళు చచ్చుపడతాయి.

ఎముకలోని ఖనిజంలో గణనీయమైన భాగం పోయేదాకా ఎక్స్‌రేలో తేడా కనిపించదు. అందుచేత ఎక్స్‌రే బాగుందన్న మాట ఒక్కటే భరోసా కాదు. దీపం ఏది, ఎన్ని నెలల కిందటిది, ఎంత దూరంలో ఉంది, మేత ఏమిటి అని వైద్యుడు అడిగే ప్రశ్నలే సగం పరీక్ష. జబ్బు ఎక్కువగా పట్టేది రెండు వయసుల్లో. ఎముక త్వరత్వరగా కట్టుకునే తొలి ఏడాది పిల్లలు ఒకటి, పెంకుల కోసం తమ కాల్షియమ్ ఖర్చుపెట్టే గుడ్ల తల్లులు రెండోది.

వైద్యంతో ఎముక మళ్ళీ గట్టిపడుతుంది. వంకర మాత్రం చాలావరకు మిగిలిపోతుంది. మెత్తబడిన దవడ ఏ ఆకారంలో ఉండగా గట్టిపడిందో ఆ ఆకారంలోనే పదేళ్ళు బతకాలి. ముందుగా గుర్తుపట్టడానికి ఇంత విలువ ఉన్నది అందుకే.

నివారణ

మొదటిది కాంతి. సరీసృపాల కోసం చేసిన, పెట్టె పొడవులో సగానికి పైగా పరుచుకునే యూవీబీ ట్యూబు దీపం రోజుకు పది, పన్నెండు గంటలు వెలగాలి. బల్లికీ దీపానికీ మధ్య గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. సన్నని జాలీ కూడా కిరణాల్లో కొంత భాగాన్ని తినేస్తుంది. దీపం కంటికి వెలుగుతూనే ఉన్నా యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. తయారీదారు చెప్పిన గడువులో, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు నెలల్లో, దాన్ని మార్చాలి. ఎడారి ఊళ్ళలో దీపం మీద చేరే ధూళిని తుడవడమూ ఈ పనిలో భాగమే.

రెండోది వేడి. ఎండ కాగే చోట సుమారు 40 డిగ్రీల సెల్సియస్, పెట్టె రెండో కొసన 25 ప్రాంతంలో ఉంటే, దబ్ బొరియకూ ఎండకూ మధ్య తిరిగినట్టు బల్లి తనకు కావలసింది తాను ఎంచుకుంటుంది. వేడి దీపమూ యూవీబీ దీపమూ ఒకే చోట పడాలి. వేడి ఒక మూల, కిరణాలు మరో మూల ఉంటే బల్లి వేడినే ఎంచుకుంటుంది.

మూడోది మేత. దుకాణంలో దొరికే కీచురాళ్ళలో, పిండిపురుగుల్లో ఫాస్ఫరస్ కాల్షియమ్‌కంటే చాలా రెట్లు ఎక్కువ. బల్లికి కావలసింది దీనికి తలకిందులు, ఫాస్ఫరస్ ఒక పాలుంటే కాల్షియమ్ రెండు పాళ్ళు. అందుకే పురుగులకు ముందురోజు మంచి మేత పెట్టి, పెట్టెలో వేసేముందు కాల్షియమ్ పొడి అద్దుతారు. ఆకుల్లో పాలకూర, చుక్కకూర లాంటివాటిలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియమ్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వదు. ఎమిరేట్స్ కూరల దుకాణాల్లో కట్టలు కట్టలుగా దొరికే జర్జీర్ ఆకు వాటికంటే మేలు. పెద్దయ్యేకొద్దీ పురుగులు తగ్గి ఆకులు పెరగాలి. విటమిన్ డి3 పొడి విషయంలో అతి సర్వత్ర వర్జయేత్. మితిమీరితే అది రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో సున్నం పేరుకునేలా చేస్తుంది. చర్మంలో కిరణాల వల్ల పుట్టే విటమిన్‌కు ఈ ప్రమాదం లేదు, ఒళ్ళే దాన్ని అదుపు చేసుకుంటుంది.

నాలుగోది అక్కడ ఊరికే దొరికే మందు. దుబాయ్ 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లండన్‌లో మాదిరిగా అక్కడ శీతాకాలపు ఎండ కిరణాలు లేని ఎండ కాదు. నవంబరు నుంచి మార్చి దాకా వాతావరణం హాయిగా ఉండే పగళ్ళలో, సగం నీడ ఉన్న జాలీ పంజరంలో, పక్కన మనిషి ఉండగా అరగంట బయట ఉంచితే ఏ దీపానికీ తీసిపోదు. గాజుపెట్టెతో బయటికి తీసుకెళ్ళడం మాత్రం ఏ కాలంలోనూ తగదు.

ఇంకొక సంగతి ప్రవాస జీవితానిదే. వేసవి సెలవులకు కుటుంబమంతా ఇండియాకు వెళ్ళే నెలల్లో బల్లి ఎవరో స్నేహితుల ఇంట్లో ఉంటుంది. మేత గురించి చెప్పి వెళ్ళేవాళ్ళు దీపం గురించి చెప్పడం మరుస్తారు. కరెంటు దండగని దాన్ని ఆర్పేస్తే, ఎదిగే పిల్లకు రెండు నెలలు చిన్న కాలం కాదు. జబ్బు చేసిందనో దేశం వదిలి వెళ్తున్నామనో దాన్ని ఎడారిలో వదిలేయడం మరింత తప్పు. అది ఆ ఎడారి ప్రాణి కాదు, అక్కడి దబ్‌కు లేని రోగాలను అంటించే ప్రమాదమూ ఉంది. 2007 నాటి 16వ ఫెడరల్ చట్టం జంతువు బాగోగుల బాధ్యతను యజమాని మీదే పెట్టింది.

1889లో సింహం పిల్లలను బతికించినవి పాలు, నలిపిన ఎముకలు, చేపనూనె. నేడు గడ్డపు బల్లిని బతికించేవి ఒక ట్యూబు దీపం, ఒక డబ్బా కాల్షియమ్ పొడి, నాలుగు ఆకులు. ఇవన్నీ ఎమిరేట్స్ దుకాణాల్లో బల్లిని అమ్మే అరల పక్కనే దొరుకుతాయి. కొనేనాడు గాజుపెట్టెతోపాటు దీపం కూడా ఇంటికి వస్తే, ఆ బల్లి పదేళ్ళ తర్వాత కూడా ఛాతీ ఎత్తి నడుస్తుంది.